ఇంట్లో ముగ్గురే ఉంటే ఏ ఆట ఆడాలి? మూడో మనిషి లేచి వెళ్లిపోకుండా ఎలా ఆడాలి?

సూరత్‌లోని గోడాదరా. సాయంత్రం ఆరున్నర దాటింది. ఇంటాయన పవర్‌లూమ్‌లో రాత్రి షిఫ్టుకు బయల్దేరాడు. ఇక తెల్లవారే వరకూ ఆ ఇంట్లో ముగ్గురే ఉంటారు. చీరలకు రాళ్లు అతికించే పని ఇంట్లోనే చేసుకునే తల్లి, పన్నెండేళ్ల కూతురు, కరీంనగర్ వైపు నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న నాయనమ్మ.

వంటయ్యాక ముగ్గురూ లూడో అట్ట ముందు కూర్చున్నారు. పావుగంట బాగానే సాగింది. నాయనమ్మ కాయ ఇంటి దగ్గరికి వచ్చింది. ఇంకాస్త నడిస్తే పండేదే. అప్పుడే మనవరాలు దాన్ని కొట్టింది. మళ్లీ మొదటి నుంచి నడిచి వస్తుంటే ఈసారి కోడలు కొట్టింది. తల్లీకూతుళ్లు చప్పట్లు చరుచుకున్నారు. పెద్దామె నవ్వింది. తర్వాత మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది.

"మీరిద్దరు ఆడుకోండ్రి బిడ్డా. నాకు నడుము నొస్తంది."

"బాపమ్మా, చాల్ నే, ఇంకొక్క గేమ్" అని అమ్మాయి సగం గుజరాతీలో, సగం తెలుగులో బతిమాలింది. పెద్దామె రాలేదు. ఆట ఆగిపోయింది. అమ్మాయి ఫోన్ తీసుకుంది.

ఆ ఇంట్లో ఎవరూ తప్పు చేయలేదు, ఎవరూ మోసం ఆడలేదు. అయినా ఆట ఒకరిని బయటకు పంపింది. ముగ్గురు కలిసి ఆడేటప్పుడు తరచూ జరిగేది ఇదే. ఇది మనుషుల మీదకంటే ఆట నిర్మాణం మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. అందుకే ఆటను చూసి ఎంచుకుంటే, కొద్దిగా మార్చుకుంటే, దీన్ని చాలావరకు తప్పించొచ్చు.

గోడాదరాలో ఇదెందుకు ముఖ్యం?

తెలంగాణ జిల్లాల నుంచి, ముఖ్యంగా పద్మశాలి కుటుంబాల నుంచి, చేనేత దెబ్బతిన్నాక చాలామంది షోలాపూర్, భీవండీ, సూరత్‌లకు వలస వెళ్లారు. సూరత్‌లో లింబాయత్, గోడాదరా, పర్వత్ పాటియా ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు గణనీయంగా కనిపిస్తాయి. నగర పాలక సంస్థ నడిపే పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది.

అయితే మగ్గాల షిఫ్టు సాధారణంగా పన్నెండు గంటలు ఉంటుంది. పగలు వెళ్లేవారు రాత్రికి వస్తారు, రాత్రి వెళ్లేవారు పగలు నిద్రపోతారు. నలుగురున్న ఇంట్లోనూ ఒకేసారి మెలకువగా ఉండేది చాలాసార్లు ముగ్గురే. పైగా ఆ ముగ్గురి భాషలూ ఒక్కటి కాకపోవచ్చు. పెద్దవాళ్లకు తెలుగు బాగా వస్తుంది. పిల్లలకు గుజరాతీ, హిందీ ముందు వస్తాయి, తెలుగు వెతుక్కోవాల్సి వస్తుంది. నాయనమ్మకూ మనవరాలికీ ఒక గంట కలిసి కూర్చోవడానికి కారణం కావాలి. బోర్డు ఆట అలాంటి కారణం. ఆ గంటలో మాట్లాడుకోకపోయినా ఫర్వాలేదు, ఎదురెదురుగా కూర్చుంటే చాలు. ఆ ఆట కూడా ఒకరిని లేపేస్తే ఆ గంట కూడా పోయినట్టే.

ముగ్గురితో వచ్చే చిక్కు ఏమిటి?

'ముగ్గురు కలిసి వెళ్తే పని కాదు' అని మన ఇళ్లలో ఒక నమ్మకం ఉంది. రాజకీయ వార్తల్లో త్రిముఖ పోటీని 'మూడు ముక్కలాట' అంటాం. నమ్మకం సంగతి పక్కనపెడితే, ఆటల విషయంలో ముగ్గురికి నిజంగానే ఒక ప్రత్యేకత ఉంది.

ఇద్దరు ఆడితే ఒకరి లాభం ఇంకొకరి నష్టం, అంతే. నలుగురు ఆడితే ఇద్దరిద్దరు జట్టు కట్టొచ్చు. ముగ్గురిలో జట్టు కడితే మాత్రం ఒకరు ఒంటరి అవుతారు. గణిత శాస్త్రజ్ఞుడు జాన్ వాన్ నాయ్‌మన్, ఆర్థికవేత్త ఆస్కార్ మోర్గెన్‌స్టర్న్‌తో కలిసి 1944లో ప్రచురించిన గేమ్ థియరీ గ్రంథంలో ముగ్గురి ఆటను ప్రత్యేకంగా విశ్లేషించారు. ముగ్గురు చేరిన చోట 'ఎలా ఆడాలి' అన్నదానికంటే 'ఎవరితో కలవాలి' అన్నదే అసలు ప్రశ్న అవుతుందన్నది ఆ విశ్లేషణ సారాంశం.

ఇళ్లలో ఇది మూడు రకాలుగా కనిపిస్తుంది.

మొదటిది, ఇద్దరు కలిసి ఒకరిని కొట్టడం. ముందున్నవారిని మిగతా ఇద్దరూ ఆపితే అది ఆటకు మంచిదే, అందరూ దగ్గరదగ్గరగా ఉంటారు. వెనకబడ్డవారినే ఇద్దరూ కొడితే మాత్రం ఆట వాళ్లకు అక్కడితో అయిపోయినట్టే.

రెండోది, ఇద్దరు కొట్టుకుంటే మూడోవారు గెలవడం. 'పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చింది' అన్న సామెత దీనికి సరిగ్గా సరిపోతుంది. ఇలా గెలిచినవారికి గెలిచిన తృప్తి ఉండదు, ఓడినవారికి కోపం మిగులుతుంది.

మూడోది, తాను గెలిచే అవకాశం లేనివారు ఎవరు గెలవాలో తేల్చడం. చివరి ఎత్తు ఎవరి మీద వేయాలన్నది వాళ్ల చేతిలో ఉంటుంది. ఇక ఆట కంటే ఇష్టాయిష్టాలు ముందుకొస్తాయి. 'నువ్వెప్పుడూ అమ్మ వైపే' అనే మాట పుట్టేది ఇక్కడే.

ముగ్గురితో లాభమూ ఉంది. నలుగురిలో ఒక్కో ఎత్తుకీ మరో ముగ్గురి కోసం ఆగాలి. ఇక్కడ ఇద్దరి కోసమే. ఆట తొందరగా తిరుగుతుంది, పిల్లలకు విసుగు రాదు.

లూడోలో ఖాళీ ఇల్లు చేసే అన్యాయం

లూడో మన పచ్చీసు నుంచి పుట్టింది. 19వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో ఈ రూపం తీసుకుంది. ఇది నలుగురి కోసం చేసిన అట్ట. ముగ్గురు కూర్చుంటే ఒక ఇల్లు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ అందరికీ సమానం అనుకుంటాం గానీ, కాదు.

లెక్క చూద్దాం. చుట్టూ తిరిగే దారిలో 52 గడులు ఉంటాయి. ఒక్కో ఇంటి కాయ బయటకు వచ్చే చోటుకీ పక్క ఇంటి చోటుకీ మధ్య 13 గడుల దూరం. ఎదుటివారి కాయ బయటకు వచ్చే గడి దాటిన వెంటనే మనకు ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే వాళ్లు ఆరు వేసి కాయ దించి, ఒక్క పందెంతో కొట్టగలరు.

నడిచే దిశలో వరుసగా మొదటి, రెండో, మూడో ఆటగాళ్లు, తర్వాత ఖాళీ ఇల్లు ఉన్నాయనుకోండి. మొదటివారి కాయకు ఈ ప్రమాదం 13 గడుల తర్వాత, 26 గడుల తర్వాత వస్తుంది. రెండోవారికి 13 తర్వాత, 39 తర్వాత. మూడోవారికి 26 తర్వాత, 39 తర్వాత. అంటే ముగ్గురికీ రెండేసి గండాలు ఉన్నా, మూడోవారికి రెండూ ఆలస్యంగా వస్తాయి. 13 గడులు నడిచిన కాయ పోతే పెద్ద నష్టం కాదు. 39 గడులు నడిచింది పోతే ప్రాణం ఉసూరుమంటుంది.

నాయనమ్మ ఆ రోజు కూర్చున్నది సరిగ్గా ఆ చోటే. ఆమె ముందున్న ఇల్లు ఖాళీ.

దీనికి పరిష్కారం సులువు. ఒక్క ఆటతో లెక్క తేల్చకుండా మూడు ఆటలు ఆడండి. ప్రతి ఆటకూ ఒక్కో ఇల్లు జరగండి. ముగ్గురూ మూడు చోట్లా కూర్చున్నట్టు అవుతుంది. అంత సమయం లేకపోతే నాలుగు కాయలకు బదులు రెండేసి కాయలతో ఆడండి.

అష్టాచమ్మాకూ ఇదే సూత్రం. అయిదు వరసల గడిలో బయటి చుట్టు 16 గడులు, ఇంటికీ ఇంటికీ మధ్య నాలుగు గడులు. ఇక్కడ ఇంటి గడుల్లో ఉన్న కాయను కొట్టకూడదు కాబట్టి కాస్త ఊరట. చింతగింజలను సగానికి అరగదీసి వేస్తే, రెండు వైపులా పడే అవకాశం సమానం అనుకుంటే, 16 పందేల్లో సగటున ఆరుసార్లు 'రెండు' పడుతుంది. చమ్మా, అష్టా ఒక్కొక్కసారే. మీ కాయ వెనక సరిగ్గా రెండు గడుల దూరంలో ఎదుటి కాయ ఉందంటే అదే పెద్ద ప్రమాదం. ఈ ఒక్క ముక్క పిల్లలకు చెప్తే ఆట అదృష్టం మీద నుంచి ఆలోచన మీదకు మళ్లుతుంది.

ముగ్గురి కోసమే పుట్టిన ఆటలు

నలుగురి ఆటను ముగ్గురికి సర్దడం ఒక దారి. మొదటి నుంచీ ముగ్గురి కోసమే ఉన్నవాటిని వెతుక్కోవడం ఇంకో దారి. అవి మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్నాయి.

గంజిఫా అలాంటిదే. గుండ్రటి ముక్కల మీద చేత్తో బొమ్మలు గీసే ఈ ఆట మొఘలుల కాలంలో దేశమంతా పాకింది. తెలంగాణలో నిర్మల్ కళాకారులూ ఈ ముక్కలు తయారుచేశారు. దశావతార గంజిఫాలో పది రంగులు, ఒక్కో రంగులో 12 ముక్కలు, మొత్తం 120. సాధారణంగా ముగ్గురు ఆడతారు, మనిషికి 40 ముక్కలు. మొఘల్ గంజిఫాలో 96 ముక్కలు, మనిషికి 32. జట్లు లేవు, ఎవరి ఆట వారిదే. పగలు ఆడితే రాముడి రాజు ముక్క ఉన్నవారు, రాత్రి ఆడితే కృష్ణుడి రాజు ముక్క ఉన్నవారు మొదలుపెట్టాలన్నది ఇందులో ముచ్చటైన నియమం.

గంజిఫా ముక్కలు ఇప్పుడు ప్రదర్శన వస్తువులయ్యాయి. మామూలు పేకతో ఆడే 'మూడు-రెండు-ఐదు' మాత్రం బతికే ఉంది. సూరత్‌లో దాన్ని 'తీన్-దో-పాంచ్' అంటే పక్కింటి గుజరాతీ కుటుంబానికీ వెంటనే అర్థమవుతుంది.

ఆడే పద్ధతి ఇది. పేకలోంచి రెండు నుంచి ఆరు దాకా ముక్కలన్నీ తీసేయాలి. ఏడుల్లో ఇస్పేటు, ఆఠీను ఉంచి మిగతా రెండూ తీసేయాలి. 30 ముక్కలు మిగులుతాయి, మనిషికి పది. మొదట అయిదేసి ముక్కలు పంచాక ఒకరు వాటిని చూసి తురుపు చెప్తారు. తర్వాత మిగతా అయిదు పంచుతారు. తురుపు చెప్పినవారు అయిదు పట్లు గెలవాలి, పంచినవారు రెండు, మిగిలినవారు మూడు. మొత్తం పది. తర్వాతి ఆటకు ఈ బాధ్యతలు మారతాయి. ఎక్కువ పట్లు గెలిచినవారు, తక్కువ పడ్డవారి చేతిలోంచి చూడకుండా ఒక ముక్క లాగి, తమకు అక్కర్లేనిది ఇస్తారు. చిన్న చిన్న తేడాలు ఇంటింటికీ ఉంటాయి.

ముగ్గురి చిక్కును ఈ ఆట ఎంత తేలికగా విప్పిందో చూడండి. బలం ఉన్నవారికి పెద్ద లక్ష్యం పెట్టింది. మిగతా ఇద్దరూ సహజంగానే వారికి ఎదురు తిరుగుతారు. కానీ వాళ్ల లక్ష్యాలూ వేర్వేరు కాబట్టి ఆ పొత్తు ఎక్కువసేపు నిలవదు. మూడు ఆటలు పూర్తయ్యేసరికి అందరూ అయిదు, మూడు, రెండు బాధ్యతలు మోసి ఉంటారు. ఎప్పుడూ ఒకరే ఒంటరి కారు.

పేక ముక్కలంటే ఇంట్లో పెద్దలు ముఖం చిట్లించవచ్చు. శ్రావణ మాసంలో, ముఖ్యంగా సాతమ్-ఆఠమ్ రోజుల్లో, గుజరాత్‌లో పేకాట జోరుగా సాగుతుంది. డబ్బు పెట్టి ఆడినవారిపై పోలీసుల దాడులూ వార్తల్లోకి వస్తాయి. డబ్బు ప్రసక్తి లేకుండా పట్ల లెక్క మాత్రమే రాసుకుంటే ఇది పిల్లలకు మంచి లెక్కల పాఠం.

పేక వద్దంటే చైనీస్ చెకర్స్ ఉంది. పేరులో చైనా ఉన్నా ఇది 1892లో జర్మనీలో వచ్చిన ఆట. ఆరు కోణాల నక్షత్రం మీద ముగ్గురూ ఒక కోణం విడిచి ఒక కోణంలో కూర్చుంటే, ప్రతి ఒక్కరి ఎదుటా ఖాళీ కోణమే ఉంటుంది. ఎవరికీ ఎక్కువ తక్కువలు లేవు. కాయలను చంపడం కూడా లేదు, ఒకరి కాయ మీదుగా ఇంకొకరు దూకి వెళ్లడమే. ఓడినవారు నొచ్చుకోవడం తక్కువ.

ఇద్దరి ఆటలో ముగ్గురు ఇమడొచ్చా?

పులి-మేక చూడండి. నేల మీద సుద్దముక్కతో గీసుకుంటే చాలు. ఎక్కువగా ఆడే పటంలో 23 కూడళ్లు, మూడు పులులు, 15 మేకలు. ఇది ఇద్దరి ఆట. కానీ మేకల పక్షాన్ని ఇద్దరికి ఇచ్చి, ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వేసేలా పెడితే ముగ్గురి ఆట అవుతుంది. ఇక్కడ 'ఇద్దరు కలిసి ఒకరి మీద' అన్నది రహస్యం కాదు, అదే నియమం. ఒంటరిగా ఉన్నవారి చేతిలో పులులు ఉన్నాయి కాబట్టి వాళ్లకు లోటు ఉండదు. ఆట బాగా తెలిసినవారికి పులులు ఇవ్వండి. మన ఇళ్లలో అది చాలాసార్లు నాయనమ్మో, తాతయ్యో అయి ఉంటారు.

చదరంగం, వామనగుంటలు, దాడి వంటివి ఇద్దరే ఆడాలి. 'ఓడినవారు లేవాలి' అనే పద్ధతి పెడితే ఎప్పుడూ బలహీనులే లేస్తారు. దానికి బదులు మూడు ఆటలు నిర్ణయించుకోండి. ముగ్గురిలో ప్రతి జంటా ఒక్కసారి తలపడుతుంది, ప్రతి ఒక్కరూ రెండు ఆడి ఒకసారి విశ్రాంతి తీసుకుంటారు.

క్యారమ్స్‌లో జట్లు, రంగులు వదిలేసి పాయింట్ల ఆట ఆడొచ్చు. నలుపుకు 10, తెలుపుకు 20, ఎరుపుకు 50 అనుకుంటే బోర్డు మీద మొత్తం 320 పాయింట్లు. ఎవరు ఏది వేస్తే అది వారిదే. వ్యాపారి లాంటి ఆటల్లో ముందే దివాలా తీసినవారు ఖాళీగా కూర్చోవాలి. అందుకే గంట సమయం పెట్టుకుని, గంట అవగానే ఆపి ఆస్తులు లెక్కవేయడం మేలు.

కొత్త ఆట కొనేటప్పుడు ఏం చూడాలి?

ఆధునిక బోర్డు గేములు మన దేశంలో ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. లూడో అట్టతో పోలిస్తే ఖరీదెక్కువ, కొన్ని వేల రూపాయలు పెట్టాల్సినవీ ఉన్నాయి. కాబట్టి ముందే నాలుగు విషయాలు చూసుకోవాలి.

ఒకటి, పెట్టె మీద '2–4' అని రాసి ఉన్నంత మాత్రాన ముగ్గురికి బాగుంటుందని కాదు. ముగ్గురు ఆడేటప్పుడు ఆట తనను తాను మార్చుకుంటుందా అన్నది చూడాలి. స్ప్లెండర్‌లో రత్నాల బిళ్లలు నలుగురికైతే రంగుకు ఏడు, ముగ్గురికైతే అయిదు. అజుల్‌లో పలకలు పెట్టే పళ్లేలు నలుగురికి తొమ్మిది, ముగ్గురికి ఏడు. టికెట్ టు రైడ్‌లో ముగ్గురే ఉంటే జంట రైలు మార్గాల్లో ఒకటే వాడాలి. రూపకర్త ముగ్గురి గురించి ఆలోచించాడనడానికి ఇవే గుర్తులు.

రెండు, ఆట మధ్యలో ఎవరైనా బయటకు పోతారా? పోయేదైతే ముగ్గురికి వద్దు.

మూడు, గెలుపు ఎంతవరకు ఇంకొకరి దయ మీద ఆధారపడింది? 1995లో జర్మనీలో వచ్చిన కటాన్ ముగ్గురు, నలుగురి కోసం చేసిన ప్రసిద్ధమైన ఆట. అందులో సరుకుల మార్పిడి కీలకం. ముగ్గురిలో ఇద్దరు మూడోవారితో బేరం మానేస్తే వారికి దారులు మూసుకుపోతాయి. స్నేహితులకు అది సరదా, అలిగే వయసు పిల్లలున్న ఇంట్లో కాదు.

నాలుగు, ఎంత చదవాలి? ముక్కల మీద ఇంగ్లిష్ వాక్యాలు ఉంటే నాయనమ్మకు ప్రతిదీ ఇంకొకరు చదివి చెప్పాలి. స్ప్లెండర్, అజుల్ రంగులు, గుర్తులతోనే నడుస్తాయి. నియమాల పుస్తకం ఒక్కరు చదివితే చాలు.

పోటీయే వద్దనుకుంటే అందరూ ఒక జట్టుగా ఆడే ఆటలున్నాయి. 2013లో జర్మనీ ప్రతిష్ఠాత్మక 'ఈ ఏటి ఆట' పురస్కారం పొందిన హనాబి అందులో ఒకటి. 50 ముక్కలు, ముగ్గురైతే మనిషికి అయిదు. వింత ఏమిటంటే మీ ముక్కలు మీకు కనిపించవు, వాటి బొమ్మ వైపు ఎదుటివాళ్లకు తిప్పి పట్టుకోవాలి. 'నీ దగ్గర ఇవి రెండూ ఎర్రవి' అనో, 'ఇది మూడు' అనో వాళ్లు సూచన ఇస్తారు. ఆటకు కావాల్సిన భాష అయిదు రంగులు, అయిదు అంకెలు. వాటిని తెలుగులోనే చెప్పాలని నియమం పెట్టుకుంటే, నాయనమ్మ చెప్పకపోతే మనవరాలు ఆడలేదు, మనవరాలు చెప్పకపోతే నాయనమ్మ ఆడలేదు.

ఆట మొదలయ్యే ముందు

ఏ ఆటైనా మూడు మాటలు ముందే అనుకుంటే మంచిది. ఎన్ని ఆటలు లేదా ఎంతసేపు ఆడతామో చెప్పుకోవాలి. చోట్లు, ముందు ఆడే వంతు ప్రతి ఆటకూ మారాలి. అందరికంటే వెనకబడ్డవారి కాయను వరుసగా రెండోసారి కొట్టకూడదని పెట్టుకోవచ్చు. ఈ చివరిది ఏ పుస్తకంలోనూ ఉండదు, ఇంటి నియమం అంతే. కానీ ఇద్దరి చూపూ వెనకబడ్డవారి మీద నుంచి ముందున్నవారి మీదకు మళ్లేది దీనితోనే.

గోడాదరాలోని ఆ ఇంట్లో మరో సాయంత్రం లూడో అట్ట తీయలేదు. గడప దగ్గర గచ్చు మీద నాయనమ్మే సుద్దముక్కతో పటం గీసింది. పులులకు మూడు గులకరాళ్లు, మేకలకు పదిహేను చీర రాళ్లు. తల్లీకూతుళ్లు మేకల పక్షం. తొలి ఆటలో పులులు అయిదు మేకలను తిన్నాయి. రెండో ఆటలో అమ్మాయి చివరి పులికి దారి మూసింది.

"ఇగ ఏడికి పోతవ్ బాపమ్మా?" అంది అమ్మాయి. ఈసారి వాక్యమంతా తెలుగే.

నాయనమ్మ పటం వైపు చాలాసేపు చూసింది. లేవలేదు. రాళ్లన్నీ ఏరి మళ్లీ పేర్చడం మొదలుపెట్టింది.